ఇంట్లోకి వచ్చిన చైనా పింగాణీ: ఎవరికి చూపించాలి, ఎవరికి చూపించకూడదు

2022 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో ఒసెనా అనే వేలం సంస్థ ఒక నీలం తెలుపు చైనా కూజాను పాటకు పెట్టింది. ఫ్రాన్స్‌లోనే బ్రిటనీ అనే ప్రాంతంలో, అమ్మినవాళ్ళ కుటుంబ పెద్దల ఇంట్లో ఉన్న సామాను అది. మేఘాల మధ్య డ్రాగన్లు, ఎత్తు 54 సెంటీమీటర్లు. సంస్థ తరఫు నిపుణుడు చూసి ఇది 20వ శతాబ్దపు అలంకరణ వస్తువని తేల్చాడు. 1,500 నుంచి 2,000 యూరోలు పలకొచ్చని అంచనా వేశారు. పాట 77 లక్షల యూరోల దగ్గర ఆగింది. ఫీజులు కలిపితే 90 లక్షలు దాటింది. పోటీపడ్డవాళ్ళు అది 18వ శతాబ్దపుదని నమ్మారు. నిపుణుడు తన మాట మార్చుకోలేదు, ఆ సంస్థ మాత్రం అతన్ని పక్కన పెట్టింది.

ఇలాంటి వార్త చదవగానే అందరికీ అటక మీదున్న జాడీ గుర్తొస్తుంది. తప్పేం లేదు. కానీ ఈ కూజా విషయంలో నాకు ఆసక్తిగా అనిపించేది ధర కాదు. అది ఏ కాలపుదో ఇప్పటికీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు, అయినా డబ్బు చేతులు మారింది. వస్తువు ఏమిటో చెప్పేవాడు వేరు, దానికి డబ్బు పెట్టేవాడు వేరు, కాగితం మీద విలువ రాసి సంతకం చేసేవాడు వేరు. మనం ముగ్గురినీ కలిపేసి 'ఎవరైనా తెలిసినవాళ్ళకి చూపిద్దాం' అంటాం. అక్కడే గందరగోళం మొదలవుతుంది.

కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకునే ముందు, అసలు ఎందుకు అడుగుతున్నారో మీకు మీరు తేల్చుకోండి. అమ్ముదామనా? ఇన్సూరెన్స్‌కా? అన్నదమ్ముల మధ్య పంపకానికా? అమెరికాలో ఉంటే పన్ను లెక్కకా? లేక తాతగారు తెచ్చిందో, ఆఫీసులో చైనా సహోద్యోగి రిటైరవుతూ ఇచ్చిందో, దాని కథ తెలుసుకుందామనా? ఒక్కో అవసరానికి ఒక్కో మనిషి. ఒకే కూజాకి ఇన్సూరెన్స్ విలువ, వేలం విలువ రెండు రెట్లు తేడాగా వచ్చినా ఎవరూ మోసం చేసినట్టు కాదు. ఇన్సూరెన్స్‌కి రాసేది, అలాంటిదే రేపు షాపులో కొనాలంటే ఎంత పెట్టాలి అన్న లెక్క. వేలం అంచనా, ఆ రోజు హాల్లో ఎవరో ఒకరు ఎంత ఇస్తారు అన్న లెక్క.

ముందు మీరే తిప్పి చూడండి

ఎవరికి చూపించినా మొదట అడిగేది అడుగుభాగం ఫొటో. కాబట్టి మెత్తటి తువ్వాలు పరిచి, కూజాను నెమ్మదిగా బోర్లించండి. నిలబడే అంచు దగ్గర గ్లేజ్, అంటే గాజులా మెరిసే పైపూత, ఉండదు, మట్టి బయటికి కనిపిస్తుంది. అక్కడ వేలు పెట్టి చూడండి. చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్. అక్కడి పాత సరుకులో మట్టి సన్నగా, బిగువుగా ఉంటుంది, అక్కడక్కడా బట్టీ ఇసుక రేణువు అతుక్కుని ఉండొచ్చు. వందేళ్ళు బల్లల మీద జరిగిన వస్తువుకి ఆ అంచు మీద గీతలు ఒక దిక్కున ఉండవు, రకరకాల లోతుల్లో, అడ్డదిడ్డంగా ఉంటాయి. పాతదనం తెప్పించడానికి గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే రకంగా, ఒకే వైపుకు వస్తాయి. మట్టిరంగు కోసం టీ డికాక్షనో, బ్రౌన్ రంగో పూసి ఉంటే మూలల్లో చిక్కగా పేరుకుంటుంది. భూతద్దంతో బొమ్మలు చూడండి: కుంచెతో వేసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. అచ్చు వేసిన బొమ్మ దగ్గరికెళ్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

అడుగున చైనా అక్షరాలు ఉంటే గుండె వేగంగా కొట్టుకోవడం సహజం. నిలువుగా, కుడి నుంచి ఎడమకు చదివే ఆరు అక్షరాల ముద్ర సాధారణంగా చక్రవర్తి పేరు చెబుతుంది. కాంగ్‌షీ పాలన 1662 నుంచి 1722, చియెన్‌లాంగ్‌ది 1736 నుంచి 1795. కానీ ముద్ర తేదీ కాదు. కాంగ్‌షీ కాలంలోనే పనివాళ్ళు రెండొందల ఏళ్ళ వెనకటి చెంగ్‌హ్వా చక్రవర్తి ముద్ర వేసేవారు. 19వ శతాబ్దం చివర్లో చేసిన వాటి మీద కాంగ్‌షీ ముద్ర బోలెడంత కనిపిస్తుంది. అప్పట్లో అది మోసం కూడా కాదు, పాత కాలపు పనితనానికి గౌరవంగా వేసేవారు. ఇప్పుడు వేసేవాళ్ళ ఉద్దేశం వేరు. నా లెక్కలో ముద్ర చివర చూడాల్సినది. ఆకారం, మట్టి, గ్లేజ్, బొమ్మ ఒకే కాలం గురించి చెబుతూ, ముద్ర కూడా వాటితో కలిస్తేనే దానికి విలువ.

ఇంగ్లిషు అక్షరాల్లో 'చైనా' అని ఉంటే పని తేలిక. అమెరికా 1890లో తెచ్చిన సుంకాల చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలి. అంటే ఆ కూజా ఆ తర్వాతిది. 'మేడ్ ఇన్ చైనా' ఇంకా తర్వాతిది. అడుగున ఎర్ర లక్క ముద్ర ఉంటే అది కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక చైనా అధికారులు దేశం దాటడానికి ఒప్పుకున్న వస్తువని గుర్తు. చాలామంది దాన్ని గోకి పారేస్తారు, దయచేసి అలా చేయకండి. పాత షాపు లేబుల్, వేలం స్టిక్కర్, ధర రాసిన చీటీ, ఇవన్నీ అలాగే ఉండాలి. ఇచ్చినవాళ్ళ ఉత్తరం, ఆ కూజా వెనక కనిపించే పాత పెళ్ళి ఫొటో, రసీదు దొరికితే ఒక కవర్లో పెట్టండి. కొన్నిసార్లు కూజా కంటే ఆ కవరే ధర పెంచుతుంది. తోమి, మెరిపించి చూపిద్దామని మాత్రం అనుకోవద్దు. ఎనామెల్ రంగులూ, బంగారు పూతా గట్టిగా తోమితే పోతాయి.

వేలం సంస్థలు: నా మొదటి ఓటు

అమ్మే ఆలోచన కాస్తయినా ఉంటే ఇక్కడే మొదలుపెట్టండి. సోథెబీస్, క్రిస్టీస్, బోనమ్స్ మూడూ ఆన్‌లైన్‌లో ఫొటోలు పంపితే ఉచితంగా ప్రాథమిక అంచనా చెప్పే ఏర్పాటు పెట్టాయి. అక్కడ చైనా వస్తువుల మీదే పనిచేసే మనుషులు ఉంటారు, రోజూ నిజమైనవీ నకిలీవీ చేత్తో పట్టుకుంటారు. వస్తువు అమ్ముడైతేనే వాళ్ళకి డబ్బు, కాబట్టి మంచిదాన్ని పనికిరానిదని చెప్పే ఆశ వాళ్ళకి తక్కువ.

లోపాలూ ఉన్నాయి. రోజూ వందల ఫొటోలు వస్తాయి. మీది వాళ్ళ స్థాయికి తక్కువదైతే 'మా వేలానికి సరిపడదు' అని రెండు ముక్కల జవాబు వస్తుంది. దాని అర్థం నకిలీ అని కాదు. నిజమైన 19వ శతాబ్దపు అల్లం జాడీ (మూత ఉన్న గుండ్రటి జాడీ) అయినా వాళ్ళకు చిన్నదే కావచ్చు. అప్పుడు ప్రాంతీయ వేలం సంస్థలను చూడాలి. బ్రిటన్, అమెరికాల్లో ఆసియా వస్తువుల విభాగం ఉన్న మధ్యతరహా సంస్థలు చాలా ఉన్నాయి, వాటికీ చైనా కొనుగోలుదారులు ఆన్‌లైన్‌లో వస్తారు. 2022లో ఇంగ్లండ్‌లోని న్యూబరీలో డ్రూయట్స్ అనే వేలం సంస్థలో ఒక ఇంటి వంటగదిలో ఉన్న చియెన్‌లాంగ్ కాలపు నీలి కూజా ఫీజులతో కలిపి 14 లక్షల పౌండ్లు దాటింది. యజమాని తండ్రి దాన్ని 1980లలో కొన్ని వందల పౌండ్లకు కొన్నాడట.

ఫొటో మీద వచ్చిన అంచనాను తీర్పుగా తీసుకోకండి. కనీసం రెండు సంస్థలకు పంపండి. రెండూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు. ఒకరు 300 అని, ఇంకొకరు 30,000 అని అంటే వస్తువును తీసుకెళ్ళి చూపించాల్సిందే. పెద్ద సంస్థలు న్యూయార్క్‌లో మార్చి, సెప్టెంబరుల్లో, లండన్‌లో మే, నవంబరుల్లో ఆసియా కళ వేలాలు పెడతాయి. ఆ రోజుల్లో చైనా పింగాణీ నిపుణులంతా ఊళ్ళోనే ఉంటారు.

లెక్క కూడా ముందే అడగండి. అమ్మేవాళ్ళ కమిషన్, ఫొటోల ఖర్చు, ఇన్సూరెన్స్, అమ్ముడుపోకపోతే తిరిగి తీసుకెళ్ళే ఖర్చు, రిజర్వు ధర (ఇంతకంటే తక్కువకి అమ్మకూడదన్న ధర) ఎంత పెడతారో అన్నీ కాగితం మీద రాయించుకోండి. పెద్ద సంఖ్యలు చూసి మోసపోవద్దు కూడా. 2010లో లండన్ శివార్లలోని ఒక చిన్న వేలం సంస్థలో ఒక చియెన్‌లాంగ్ కూజా పాట 4.3 కోట్ల పౌండ్ల దగ్గర ముగిసింది. గెలిచినవాళ్ళు డబ్బు కట్టలేదు. ఏళ్ళ తర్వాత అది చాలా తక్కువ ధరకి ప్రైవేటుగా చేతులు మారింది. పాటలో పలికిన ధర వేరు, బ్యాంకులో పడ్డ డబ్బు వేరు.

డబ్బు తీసుకుని విలువ కట్టే అప్రైజర్

అమ్మే ఉద్దేశం లేదు, కానీ కాగితం కావాలి. పంపకం, ఇన్సూరెన్స్, పన్ను, కోర్టు, ఏదైనా సరే. అప్పుడు ఫీజు తీసుకునే అప్రైజరే సరైనవాడు. అమెరికాలో అప్రైజర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అప్రైజర్స్, అమెరికన్ సొసైటీ ఆఫ్ అప్రైజర్స్ అనే మూడు సంఘాలున్నాయి. వాటి వెబ్‌సైట్లలో 'ఆసియన్ ఆర్ట్' అని వెతికితే మీ ఊరికి దగ్గరవాళ్ళు దొరుకుతారు. 'అన్నీ చూస్తాను' అనేవాడి కంటే చైనా సిరామిక్స్ మాత్రమే చూసేవాడే మేలు.

రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఫీజు గంటకా, వస్తువుకా? 'విలువలో ఇంత శాతం' అంటే అక్కడే లేచి వచ్చేయండి. అమెరికాలో వృత్తి ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు, ఎందుకో మీకే అర్థమవుతుంది. రెండోది: 'మీరు కొంటారా?' కొంటానంటే వాడి దగ్గర వెల కట్టించుకోకండి. విలువ చెప్పేవాడు, కొనేవాడు ఒకే మనిషి అయితే ఏ రోజైనా సంఖ్య మీవైపు ఉండదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం టెన్షన్ పోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి, చాలామంది ఇక్కడ నష్టపోతారు. అక్కడే స్థిరపడ్డ మామయ్య 1985లో 300 డాలర్లకు కొన్న కూజా ఇప్పుడు 20,000 చేస్తుందనుకోండి. ఆయన బతికుండగా మీ చేతిలో పెడితే, అమ్మినప్పుడు పన్ను లెక్కకి మీ కొనుగోలు ధర 300. మిగతాదంతా లాభం కింద వస్తుంది. కళాఖండాల మీద దీర్ఘకాలిక లాభానికి ఫెడరల్ పన్ను 28 శాతం వరకు పోవచ్చు. అదే కూజా ఆయన పోయాక వీలునామా ద్వారా వస్తే, ఆయన పోయిన రోజున్న మార్కెట్ విలువే మీ కొనుగోలు ధర. కాబట్టి వారసత్వంగా వచ్చిన వస్తువుకి 'మరణించిన తేదీ నాటి విలువ' అని రాసిన అప్రైజల్ ఒకటి చేయించి దాచుకోండి, ఐదేళ్ళ తర్వాత అమ్మినా పనికొస్తుంది. మ్యూజియానికి దానమిచ్చి 5,000 డాలర్లకు పైగా మినహాయింపు అడగాలంటే అర్హత ఉన్న అప్రైజర్ నివేదిక, పన్ను శాఖకు ఇచ్చే ఫారం 8283 రెండూ కావాలి. ఆ నివేదిక దానానికి 60 రోజుల ముందు కంటే పాతదై ఉండకూడదు.

మిగతా దారులు

మ్యూజియం: వెల చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ కన్ను అలవాటు పడటానికి మ్యూజియానికి మించింది లేదు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగం ముందు ఒక మధ్యాహ్నం గడపండి. నీలం తెలుపు పింగాణీతో పాటు సెలడాన్ అనే ఆకుపచ్చ గ్లేజ్ ఉన్న పాత్రలూ ఉన్నాయి. విషం కలిసిన భోజనం పెడితే సెలడాన్ పాత్ర పగిలిపోతుందనో, రంగు మారుతుందనో మన దేశపు పాత పాలకులు నమ్మేవారట. అసలైన గ్లేజ్ లోతు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చూస్తే, మీ ఇంటి కూజా మెరుపు మీకే ఏదో చెబుతుంది.

ల్యాబ్ పరీక్ష: థెర్మోల్యూమినిసెన్స్ అనే పరీక్ష మట్టిని ఆఖరిసారి ఎప్పుడు కాల్చారో చెబుతుంది. అడుగున చిన్న రంధ్రం చేసి పొడి తీస్తారు, పింగాణీ అయితే సన్నటి ముక్క కోస్తారు. వెయ్యేళ్ళు దాటిన థాంగ్ వంశ కాలపు మట్టి గుర్రం లాంటి పాత వస్తువులకి ఇది బాగా ఉపయోగం. 1890నాటి కూజాకి, 1960నాటి కూజాకి తేడా తేల్చుకోవడానికి దీని మీద డబ్బు పెట్టడం దండగ. పైగా మోసగాళ్ళు కృత్రిమంగా రేడియేషన్ ఇచ్చి ఫలితాన్ని తారుమారు చేయడం, పాత ముక్కలకు కొత్త ఒళ్ళు అతికించడం కూడా నేర్చారు. మీది పింగాణీ కాకుండా జేడ్ రాయితో చెక్కిన వస్తువైతే, అది జేడ్‌లోని రెండు రకాల్లో నెఫ్రైటా జేడైటా అని రత్నాల ల్యాబ్ చెప్పగలదు. ఎప్పుడు చెక్కారో చెప్పలేదు.

చిన్న మొత్తానికి ఫొటో చూసి అంచనా ఇచ్చే వెబ్‌సైట్లు: కుతూహలం తీరడానికి సరే, పంపకానికి ఆ కాగితం పట్టుకెళ్ళకండి. ఫోన్లో ఫొటో పెట్టి వెతికే యాప్‌లు పోలికను మాత్రమే పట్టుకుంటాయి, నకిలీ చేసేవాడు శ్రద్ధ పెట్టేది సరిగ్గా ఆ పోలిక మీదే. సోషల్ మీడియా గ్రూపుల్లో ముద్ర చదివిపెట్టే ఓపిక ఉన్నవాళ్ళు ఉంటారు, అది నిజంగా ఉపయోగం. పోస్టు పెట్టిన గంటలో 'పాతది కాదు కానీ ముచ్చటగా ఉంది, 100 డాలర్లిస్తా' అని విడిగా మెసేజ్ పెట్టేవాళ్ళూ ఉంటారు. ఆ మెసేజ్‌కి జవాబు ఇవ్వకండి.

ఇంకో రకం ఫోన్ కాల్ వస్తుంది. 'మీ కూజా కోట్లు చేస్తుంది, హాంకాంగ్‌లో ప్రదర్శనకు పెడతాం, ముందు ఫీజు కట్టండి.' నకిలీ వస్తువుకి ఆకాశమంత ధర చెప్పి, ప్రదర్శన ఫీజు, క్యాటలాగ్ ఫీజు అంటూ గుంజే ముఠాలు చైనాలోనూ ఆగ్నేయాసియాలోనూ పేరుమోసినవి. అసలైన వేలం సంస్థ మీ వస్తువుకి కొనేవాణ్ణి వెతుకుతుంది, మీ జేబు వెతకదు.

కూజా ఇండియాలో ఉంటే

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండం పురావస్తువు. రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు. చైనాలో చేసిందా, మన దగ్గర చేసిందా అని చట్టం తేడా చూడదు. అలాంటిది దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు మాత్రమే. తప్పితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. అమ్మమ్మ ఇచ్చిందని సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి డాలస్ తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఈ మాట రెండోసారి చదవండి. వస్తువు వందేళ్ళ లోపుదని మీ నమ్మకమైతే, ప్రయాణానికి చాలా ముందే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అధికారికి 'కొత్తదేనండీ' అని చెప్పడం సాక్ష్యం కాదు.

లండన్, హాంకాంగ్ ధరలు చూసి ఇక్కడున్న కూజాకి అదే లెక్క వేసుకోవడం కూడా తప్పు. పాతదని రుజువైతే అది ఆ వేలాలకు చేరలేదు. మన దేశంలోని వేలం సంస్థలు ఎక్కువగా భారతీయ చిత్రకళ మీద నడుస్తాయి, చైనా పింగాణీకి ఇక్కడ పోటీపడి కొనేవాళ్ళు తక్కువ. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్స్ కూడా ఉండాలి, కొంటానని వచ్చినవాణ్ణి ముందు అది చూపించమనండి. ఇండియాలో ఉన్న వస్తువుకి నేనైతే ఫొటోలతో ఉచిత అంచనా అడిగి, ఏమిటో తెలుసుకుని, ఇంట్లోనే ఉంచుకుంటాను. అన్నదమ్ముల పంపకంలో దానికి లక్షలు రాసుకుని గొడవపడటం అర్థం లేని పని.

దంతం, ఖడ్గమృగం కొమ్ము ఏ దేశంలోనైనా తలనొప్పే. మన వన్యప్రాణి చట్టం, అమెరికా ఆంక్షలు, బ్రిటన్‌లో 2022 నుంచి అమల్లోకి వచ్చిన దంతపు చట్టం, అన్నీ అమ్మకానికి అడ్డం. ఎంత పాతదైనా సరే, ఫొటోలు ఎవరికీ పంపకముందే ఒక లాయర్‌తో మాట్లాడండి.

ఎవరికి ఏది

పరాయి దేశంలో ఉన్నారు, అమ్మాలి: రెండు వేలం సంస్థలకు ఫొటోలు, ఆ తర్వాత ప్రాంతీయ సంస్థ. పన్ను, పంపకం, ఇన్సూరెన్స్: చైనా సిరామిక్స్ చూసే అప్రైజర్, గంట ఫీజు మీద. కథ తెలుసుకోవాలి: ముద్ర చదివించుకుని మ్యూజియానికి వెళ్ళండి. ల్యాబ్ పరీక్ష వేలం సంస్థ అడిగితేనే, అదీ ఆ ఖర్చు ఎవరిదో ముందు మాట్లాడుకున్నాకే.

ఫొటోలు ఎలా తీయాలో చెప్పి వదిలేస్తాను, జవాబు సగం వాటి మీదే ఆధారపడుతుంది. ఫ్లాష్ వద్దు, పగటి వెలుతురులో కిటికీ పక్కన, వెనకాల సాదా గుడ్డ. నాలుగు వైపులా, లోపలి భాగం, మూతి అంచు, అడుగు మొత్తం, ముద్ర దగ్గరగా, నిలబడే అంచు ఇంకా దగ్గరగా. పక్కన స్కేలు. ఎక్కడైనా పెచ్చు ఊడినా, సన్నటి పగులున్నా దాచకుండా విడిగా ఫొటో తీయండి. వేలితో మెల్లగా తట్టినప్పుడు గంటలా మోగకుండా మొద్దుగా వినిపిస్తే పగులుందేమోనని ఈమెయిల్‌లో రాసేయండి. వాళ్ళెలాగూ కనిపెడతారు. ముందే చెప్పినవాళ్ళ మిగతా మాటలు కూడా నమ్ముతారు.